ఇంట్లోవాళ్లకు పీట వేయని ఆటలు

1961 జనవరి 20, శుక్రవారం. ఆ పగలు వాషింగ్టన్‌లో జాన్ ఎఫ్. కెనెడీ అధ్యక్షుడిగా ప్రమాణం చేశాడు. ఆ రాత్రి సీబీఎస్ చానల్లో ‘యు ఆర్ ఇన్ ద పిక్చర్’ అనే కొత్త గేమ్ షో మొదలైంది. నడిపింది జాకీ గ్లీసన్. అప్పటికి అమెరికా టీవీలో నవ్వించేవాళ్ల పేర్లు చెప్పమంటే మొదట వచ్చే పేర్లలో ఆయనది ఒకటి. పేరున్న మనిషి, పెద్ద చానల్, డబ్బుకు వెనకాడని స్పాన్సర్లు, అన్నీ ఉన్నాయి. ఆట మాత్రం ఆ ఒక్క రాత్రితోనే ముగిసింది. అరవై ఏళ్లు దాటినా, అన్నిటికంటే చెత్త గేమ్ షో ఏదన్న మాట వస్తే ముందు వరసలో దాని పేరే వినిపిస్తుంది.

జాతరలోనో ఎగ్జిబిషన్లోనో తల దూర్చి ఫొటో దిగే బొమ్మల పలక ఒకటి ఉంటుంది. వెనక నుంచి కంతలో తల పెడితే, ముందు నుంచి చూసేవాళ్లకు గుర్రమెక్కిన రాజు ఒంటి మీద మన మొహం కనిపిస్తుంది. ఆ షోలో ఉన్నది అచ్చంగా అదే. నిలువెత్తు బొమ్మ గీసిన పెద్ద పలక, దానికి తలలూ చేతులూ పట్టే కంతలు. నలుగురు ప్రముఖులు వెనక నుంచి తలలు దూర్చి నిలబడతారు. బొమ్మ ఏమిటో వాళ్లకు కనిపించదు. గ్లీసన్‌ను ప్రశ్నలడుగుతూ తాము ఏ సన్నివేశంలో ఉన్నారో, ఏ పాటలో ఉన్నారో కనిపెట్టాలి. చూసేవాళ్లకు మాత్రం బొమ్మ మొత్తం మొదటి నుంచీ కళ్ల ముందే ఉంటుంది.

జవాబు ప్రేక్షకులకు ముందే తెలిసిపోవడమే తప్పని చాలామంది తేల్చేస్తారు. అది సరైన లెక్క కాదు. అదే సీబీఎస్‌లో 1950 నుంచి 1967 దాకా పదిహేడేళ్లు నడిచిన ‘వాట్స్ మై లైన్?’లోనూ జవాబు ముందే చెప్పేసేవారు. ఒక సామాన్యుడు వచ్చి కూర్చుంటాడు, అతని వృత్తి ఏమిటో తెర మీద అక్షరాల్లో పడుతుంది, ప్యానెల్లో ఉన్నవాళ్లు ప్రశ్నలు వేసి దాన్ని కనిపెట్టాలి. రెండూ ఒకే తీరు ఆటలు. ఒకటి పదిహేడేళ్లు, ఒకటి అరగంట. తేడా అంతా లోపలి మరమేకుల్లో ఉంది.

‘వాట్స్ మై లైన్?’లో ప్రతి ‘కాదు’కూ ధర ఉంది. ప్యానెల్ వేసిన ప్రశ్నకు ‘కాదు’ అనే జవాబు వస్తే, యాంకర్ ఒక అట్ట తిప్పుతాడు, వచ్చినవాడి ఖాతాలో 5 డాలర్లు పడతాయి. పది ‘కాదు’లు పడితే 50 డాలర్లతో ఆట అతనిది. కాబట్టి ప్యానెల్ ఆచితూచి అడగాలి. వస్తువు అమ్మేవాడా, సేవ చేసేవాడా, లాభం కోసం నడిచే సంస్థా, ఇలా ఒక్కో ప్రశ్నకు సగం ప్రపంచాన్ని పక్కకు తోసుకుంటూ రావాలి. వృత్తికి ఒక పేరుంటుంది, ఆ పేరు దొరికితే ఆట అయిపోయినట్టే. ఇంట్లో చూసేవాళ్లకూ పని ఉంది: ‘కాదు’లు లెక్కపెట్టుకోవడం, దగ్గరికొస్తున్నారా దూరమవుతున్నారా అని చూడటం, ఏమీ తెలియక వేసిన ప్రశ్నలో దొర్లిన రెండర్థాలకు నవ్వుకోవడం.

కంతల పలకలో అవేవీ లేవు. ‘కాదు’కు ధర లేదు, అందుకని ఎన్ని ప్రశ్నలడిగినా ఒకటే. కనిపెట్టాల్సినది ఒక దృశ్యం, దానికి పట్టుకోదగిన పేరు ఉండదు. ప్రశ్నలు ఎటు పోతే అటు పోయాయి తప్ప ఎక్కడా చిక్కబడలేదు. పైగా గ్లీసన్ బలం శరీరంతో ఆడించే హాస్యం. ఆయన్ని ఒక పక్కన నిలబెట్టి అవుననీ కాదనీ చెప్పే పని అప్పగించారు. చేసేవాడికి పని లేదు, చూసేవాడికీ పని లేదు.

తరవాతి శుక్రవారం, జనవరి 27న, ప్రేక్షకులకు కనిపించింది ఖాళీ స్టేజీ. పలక లేదు, ప్యానెల్ లేదు. ఒక కుర్చీ, చేతిలో కాఫీ కప్పు, గ్లీసన్. ఆ అరగంటంతా ఆయన క్షమాపణ చెప్పాడు. అక్కడి నాటకాలవాళ్ల భాషలో ఘోరంగా తన్నేసిన ప్రదర్శనను ‘బాంబు’ అంటారు. మా దాని ముందు హైడ్రోజన్ బాంబు కూడా చిన్న టపాకాయే అన్న అర్థం వచ్చేలా చెప్పుకున్నాడు. అంతమంది అనుభవజ్ఞులు కలిసి కూర్చుని ఇంత పొరపాటు ఎలా చేశామో విడమరిచి చెప్పాడు. విమర్శకులు ఆ అరగంటను మెచ్చుకున్నారు. మిగిలిన వారాలు, మార్చి 24 దాకా, అదే సమయంలో కబుర్ల కార్యక్రమం నడిపారు.

గేమ్ షోలో తెర మీద కనిపించేది ఇద్దరో నలుగురో. ఆడేది మాత్రం ఇంట్లో ఉన్న లక్షల మంది. ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’ మా టీవీలో 2014లో మొదలైనప్పుడు, నాగార్జున ప్రశ్న చదివి నాలుగు ఆప్షన్లు పూర్తిచేసేలోపే ఇంట్లో ఎవరో ఒకరు ‘బీ! బీ!’ అని అరిచేవారు. ఆ అరుపు కోసమే ఆ ఫార్మాట్‌ను కట్టారు. మొదటి ప్రశ్నలు పిల్లలు కూడా చెప్పగలిగినవి, నాలుగు ఆప్షన్లు ఉండటం వల్ల తెలియనివాడు కూడా ఒకటి అనగలడు, లైఫ్‌లైన్ వాడాలా వద్దా అన్నదాని మీద సోఫాలో వాదన నడుస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, ప్రశ్న చూశాక కూడా ‘చాలు, గెలిచింది పట్టుకుపోతాను’ అని లేచిపోయే హక్కు. జవాబు అసలు తెలియని ప్రేక్షకుడికి కూడా ‘ఒరేయ్, లే, వచ్చెయ్’ అనడానికి ఒక అవకాశం ఉంటుంది. 1998 సెప్టెంబరు 4న బ్రిటన్‌లో ఐటీవీలో మొదలైన మూల రూపంలోనూ ఇదే బిగింపు. చెడిపోయిన ఆటల్ని దీని పక్కన పెట్టి చూస్తే, ఇంట్లోవాళ్లకు వేయాల్సిన పీట ఒక్కోదానిలో ఒక్కోచోట విరిగింది.

అన్నిటికంటే ఘోరంగా విరిగింది 1956లో. ఆ ఏడాది సెప్టెంబరు 12న ఎన్‌బీసీలో ‘ట్వంటీ వన్’ మొదలైంది. యాంకర్ జాక్ బారీ, నిర్మాత డాన్ ఎన్‌రైట్, స్పాన్సర్ జెరిటాల్ అనే టానిక్ కంపెనీ. ఇద్దరు పోటీదారులు చెరో గాజు బూత్‌లో నిలబడతారు. ఒకరి స్కోరు ఒకరికి తెలియదు. ప్రతి రౌండులో ఒక విషయం ప్రకటిస్తారు, 1 నుంచి 11 పాయింట్ల వరకు ఎంత కష్టమైన ప్రశ్న కావాలో పోటీదారుడే కోరుకోవాలి. ముందుగా 21కి చేరినవాడిది ఆట. రెండు రౌండ్ల తరవాత ఎవరైనా ఆట ఆపమనవచ్చు, అప్పుడు ఎవరికి ఎక్కువ ఉంటే వాళ్లు గెలిచినట్టు. పాయింట్ల తేడాను 500 డాలర్లతో గుణించి ఇస్తారు. 21–21తో సమమైతే మళ్లీ ఆట, ఈసారి పాయింటుకు 1,000. మళ్లీ సమమైతే 1,500. చాంపియన్ ఓడిపోతే, కొత్తగా గెలిచినవాడి సొమ్ము పాత చాంపియన్ ఖాతాలోంచే పోతుంది.

కాగితం మీద చూస్తే ఎంతో బాగున్న ఆట. మొదటి రాత్రి దాన్ని నిజాయితీగానే ఆడించారు. పోటీదారులు ప్రశ్న తరవాత ప్రశ్న తప్పుతూ పోయారు. కారణం లెక్కలోనే ఉంది. 21కి త్వరగా చేరాలంటే 10, 11 పాయింట్ల ప్రశ్నలు తీసుకోవాలి. అవి అన్నిటికంటే కష్టమైనవి. అలాంటి ప్రశ్నకు సరైన జవాబు వచ్చే అవకాశం 40 శాతం అనుకున్నా, రెండూ సరిగ్గా చెప్పే అవకాశం 16 శాతం. ఇద్దరూ అలా చెప్పి 21–21 వచ్చే అవకాశం రెండున్నర శాతం. జవాబు తప్పితే పాయింట్లు పోతాయి, సున్నా కంటే కిందికి మాత్రం పోవు. కాబట్టి నిజాయితీగా ఆడితే ఎక్కువసార్లు కనిపించేది ఇద్దరు మనుషులు గాజు పెట్టెల్లో సున్నా దగ్గర నిలబడి తడబడటం. కష్టమైన ప్రశ్నలు, నాలుగు ఆప్షన్లు లేవు, ఇంట్లోవాళ్లకూ జవాబు రాదు. సొంతంగా ఊహించడానికి కూడా దారి లేదు.

మర్నాడు పొద్దున్నే స్పాన్సర్ మండిపడ్డాడు, ఇలాంటిది ఇంకోసారి చూడనని చెప్పేశాడు. ఆ రోజుల్లో కార్యక్రమం మీద పెత్తనం స్పాన్సర్‌దే. డబ్బు ఆగితే షో ఆగినట్టే. ప్రశ్నలు తేలిక చేయవచ్చు, ఆప్షన్లు ఇవ్వవచ్చు, పాయింట్ల నిచ్చెన మార్చవచ్చు. అంటే ఆటను బాగుచేసే దారులు ఉన్నాయి. నిర్మాతలు మనుషులను మార్చే దారి పట్టారు, ప్రశ్నలూ జవాబులూ ముందే ఇచ్చేశారు.

పోటీదారుల్ని ఎలా తయారుచేశారో, వాళ్లలో ఒకడైన హెర్బర్ట్ స్టెంపెల్ తరవాత పూసగుచ్చినట్టు చెప్పాడు. ఎన్‌రైట్ అతని ఇంటికే వెళ్లి బీరువాలో బట్టలు వెతికి, ఒంటికి సరిపడని పాత సూటు ఎంచి పెట్టాడు. కాలరు అరిగిన చొక్కా. పొట్టిగా కత్తిరించిన జుట్టు. టిక్కుటిక్కుమని గట్టిగా కొట్టుకునే చవక గడియారం. బూత్‌లో మైకుకు ఆ చప్పుడు వినబడాలి. ఏ ప్రశ్నకు ఎన్ని సెకన్లు ఆగాలి, ఎప్పుడు పెదవి కొరకాలి, ఎక్కడ తడబడాలి, అన్నీ సాధన చేయించారు. బూత్‌లో ఏసీ ఆపేసేవారు, చెమట పట్టడానికి. ఆ చెమటను తుడుచుకోకూడదు, రుమాలుతో మెల్లగా అద్దుకోవాలి. తుడిస్తే కెమెరాకు చెమట కనిపించదు, అద్దితే కనిపిస్తుంది. ఇంత వివరంగా చేసిన పని ఇది.

1956 డిసెంబరు 5న స్టెంపెల్‌ను ఓడిపొమ్మన్నారు. 1955 సంవత్సరానికి ఉత్తమ చిత్రం ఆస్కార్ దేనికి వచ్చిందన్నది ప్రశ్న. జవాబు ‘మార్టీ’. అది స్టెంపెల్‌కు ఎంతో ఇష్టమైన సినిమా. తెలిసిన జవాబును మింగి, ‘ఆన్ ద వాటర్‌ఫ్రంట్’ అని చెప్పాల్సి వచ్చింది. గెలిచిన చార్లెస్ వాన్ డోరెన్ కొలంబియా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పేవాడు. 1957 మార్చి దాకా నిలిచి 1,29,000 డాలర్లు గెలుచుకున్నాడు. స్టెంపెల్‌కు మిగిలింది 49,500. 1959 నవంబరు 2న వాన్ డోరెన్ ప్రతినిధుల సభ ఉపసంఘం ముందు అంతా ఒప్పుకున్నాడు. 1960లో వచ్చిన చట్ట సవరణతో, ప్రేక్షకులను మోసగించేలా పోటీ ఫలితాన్ని ముందే తేల్చిపెట్టడం అమెరికాలో నేరమైంది. 10,000 డాలర్ల దాకా జరిమానా, ఏడాది దాకా జైలు, లేదా రెండూ. కార్యక్రమాల మీద స్పాన్సర్ల పెత్తనం కూడా క్రమంగా చానళ్ల చేతికి వచ్చింది.

ఆ కుంభకోణాన్ని సాధారణంగా నీతి కథగా చెబుతారు. ఆటలు కట్టేవాళ్లు నేర్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. సాయం లేకుండా నిలబడలేని ఫార్మాట్ మొదటి రాత్రే బయటపడింది. సెట్ వేయకముందే ఆఫీసులో అట్టముక్కలు, స్టాప్‌వాచ్ పెట్టుకుని ఆడి చూడటాన్ని రన్‌త్రూ అంటారు. మామూలు మనుషుల్ని కూర్చోబెట్టి పదీ పదిహేను సార్లు ఆడిస్తే చాలు. ఎన్నిసార్లు ఆట పూర్తయింది, ఎన్ని జవాబులు సరిగ్గా వచ్చాయి, పక్కన కూర్చున్నవాళ్లు ఎప్పుడు ఫోన్లు తీశారు, ఈ మూడూ రాసుకుంటే జబ్బు తెలిసిపోతుంది. సగానికి పైగా ప్రశ్నలు తప్పుతుంటే ప్రశ్నలు కష్టమైనవని అర్థం. తొంభై శాతం సరిగ్గా వస్తుంటే ఆటలో బిగింపు లేదని అర్థం. ఈ మాత్రం ఓపిక లేక కోట్లు పెట్టి సెట్ వేసినవాళ్లు ఎందరో ఉన్నారు.

2013 సెప్టెంబరులో ఎన్‌బీసీ తెచ్చిన ‘మిలియన్ సెకండ్ క్విజ్’కు ఈ పరీక్ష ఎంతో అవసరం. పది లక్షల సెకన్లంటే 11 రోజుల 13 గంటల 46 నిమిషాల 40 సెకన్లు. అంతసేపూ ఆగకుండా క్విజ్ నడుస్తుంది. న్యూయార్క్‌లో ఒక భవనం డాబా మీద ఇసుక గడియారం ఆకారంలో పెద్ద కట్టడం లేపారు, యాంకర్‌గా ర్యాన్ సీక్రెస్ట్‌ను పెట్టారు. కుర్చీలో కూర్చున్నవాడికి సెకనుకు 10 డాలర్లు. ఎక్కువ సొమ్ము పోగేసిన నలుగురు పక్కనే బస చేయాలి. వాళ్లలో ఒకరిని ఇంకొకరు సవాలు చేయవచ్చు. ప్రశ్నల విలువ సమయం గడిచేకొద్దీ పెరుగుతుంది. జవాబు తెలియనివాడు, ప్రశ్న విలువను రెట్టింపు చేసే ‘డబ్లర్’ వేసి ప్రశ్నను ఎదుటివాడి మీదికి తోయవచ్చు, అతను దాన్ని తిరిగి తోయవచ్చు.

పైనున్న ఈ నిబంధనలు ఒక్కసారి చదివి వేరొకరికి చెప్పగలిగినవాళ్లు తక్కువ. టీవీలో అవి ఒక్కసారే వినిపిస్తాయి. గంట మధ్యలో చానల్ మార్చి వచ్చినవాడి పరిస్థితి మరీ ఘోరం, ఇప్పుడు ఎవరు ముందున్నారన్నది కూడా తెలియదు. ఇంటి నుంచి ఆడటానికి ఫోన్ యాప్ ఇచ్చారు. గొప్ప ఆలోచన అది. మొదటి రాత్రే అందరూ ఒకేసారి ఎగబడితే సర్వర్ల మీద ఒత్తిడి పెరిగి యాప్ మొరాయించింది. ఇంట్లోవాళ్లకు వేసిన ఒక్క పీటా కూర్చునేలోపే విరిగిపోయింది. ప్రత్యక్ష ప్రసారంలో యాప్ మీద వచ్చే ఒత్తిడి రోజంతా పరచుకోదు. యాంకర్ ‘ఇప్పుడు ఆడండి’ అన్న ఆ పది సెకన్లలోనే అంతా మీద పడుతుంది. సర్వర్లను సగటుకు కాకుండా ఆ శిఖరానికి కట్టుకోవాలి. చివరికి విజేతకు 26 లక్షల డాలర్లు ఇచ్చారు. ఆ షో మళ్లీ రాలేదు.

నిబంధనలు మరీ తేలికైనా చిక్కే. బ్రిటన్‌లో ఐటీవీ 2011 సెప్టెంబరులో సైమన్ కోవెల్ ఆలోచనగా ‘రెడ్ ఆర్ బ్లాక్?’ తెచ్చింది. ఎరుపా, నలుపా? అంతే ఆట. సరైన రంగు చెప్పినవాళ్లు మిగులుతారు, చివర మిగిలినవాడు చక్రం తిప్పి పది లక్షల పౌండ్లు గెలవవచ్చు. వెయ్యి మందిని పదిసార్లు సగం చేస్తే ఒక్కడు మిగులుతాడు. రెండును పదిసార్లు గుణిస్తే 1,024. నాణెం ఎగరేస్తే అయ్యే పనికి భారీ విన్యాసాలు, స్టేజీలు, లైట్లు. మొదటి రాత్రి గెలిచినవాడు గతంలో దాడి కేసులో శిక్ష పడినవాడని బయటికొచ్చి పత్రికలు గగ్గోలు పెట్టాయి. క్విజ్‌లో గెలిచినవాడి గతం అంతగా ఎవరూ తవ్వరు, తెలివితో గెలిచాడు కదా అనుకుంటారు. అదృష్టంతోనే ఇచ్చేటప్పుడు ‘వీడికెందుకు?’ అన్న ప్రశ్న దానంతటదే పుడుతుంది.

‘డీల్ ఆర్ నో డీల్’ కూడా పూర్తిగా అదృష్టమే కదా అనవచ్చు. అమెరికాలో 26 బ్రీఫ్‌కేసులు, బ్రిటన్‌లో 22 పెట్టెలు, ఏది తెరిచినా లోపలున్న సొమ్ము ముందే రాసిపెట్టినది. కానీ ప్రతి విడతలోనూ బ్యాంకరు ఫోన్ చేసి ఒక ధర చెబుతాడు. తెరవకుండా మిగిలిన పెట్టెల సగటు ఎంతో ఇంట్లో ఎవరైనా లెక్క వేయవచ్చు. ఆ సగటు కంటే బ్యాంకరు ఎంత తగ్గించి చెప్పాడో చూసి తీసుకోవాలా వద్దా అని వాదించుకోవచ్చు. అదృష్టం మీద ఒక నిర్ణయం కూర్చుంది. ఎరుపు–నలుపులో నిర్ణయం పేరుకే ఉంది, ఏది ఎంచినా తేడా లేదు.

మనుషుల్ని బాధపెట్టి ఆట అనిపించుకున్నవి ఇంకొక రకం. 2002 జనవరిలో అమెరికాలో రెండు చానళ్లు రోజుల తేడాతో ఒకేలాంటివి వదిలాయి. ఏబీసీది ‘ద చెయిర్’, ఫాక్స్‌ది ‘ద చాంబర్’. మొదటిదాన్ని టెన్నిస్ ఆటగాడు జాన్ మెకన్రో నడిపాడు. కుర్చీకి కట్టేసిన పోటీదారుడి గుండె వేగం తెర మీద కనబడుతుంటుంది, అది గీత దాటితే జవాబు చెప్పే వీలు లేదు, పైగా గీత దిగేదాకా డబ్బు తరిగిపోతుంటుంది. మధ్యలో మంటలు, మొసలి. ఫాక్స్ మనిషిని గదిలో బంధించి విపరీతమైన వేడిలోనో చలిలోనో పెట్టి ప్రశ్నలు వేసింది. అది మూడు ఎపిసోడ్లకే పోయింది. క్విజ్ ప్రశ్నల పరంగా చూస్తే ‘ద చెయిర్’లో నిజంగా ఒక మంచి ఆలోచన ఉంది: భయాన్ని అదుపులో పెట్టుకోవడం. కానీ సోఫాలో కూర్చున్నవాడు తన గుండెను ఆ గీతతో పోల్చుకోలేడు. అతనికి మిగిలేది ఒకడు వణుకుతుంటే చూడటం మాత్రమే.

2001 మార్చిలో బ్రిటన్ చానల్ 5లో వచ్చిన ‘టచ్ ద ట్రక్’లో బాధ ఇంకా నెమ్మది. ఒక షాపింగ్ సెంటర్లో బండి పెట్టి, ఇరవై మందిని దాని మీద చెయ్యి తీయకుండా నిలబడమన్నారు. గెలిచినవాడు 81 గంటల 43 నిమిషాలు నిలబడ్డాడు. చెయ్యి ఆనించి నిలబడటాన్ని రోజుల తరబడి ప్రసారం చేశారు.

ఐటీవీలోనే 2001లో వచ్చిన ‘షాఫ్టెడ్’ నాలుగు ఎపిసోడ్లతో ఆగిపోయింది. రాబర్ట్ కిల్‌రాయ్ సిల్క్ నడిపాడు. చివర మిగిలిన ఇద్దరూ రహస్యంగా ఒకటి ఎంచుకోవాలి: పంచుకోవడమా, దోచుకోవడమా. ఇద్దరూ పంచుకుంటే చెరి సగం, ఒకరు దోచుకుంటే మొత్తం వాళ్లకే, ఇద్దరూ దోచుకుంటే ఎవరికీ లేదు. ఇదే ముగింపుతో 2007లో అదే చానల్లో ‘గోల్డెన్ బాల్స్’ వచ్చి రెండేళ్లు బాగా ఆడింది. కారణం ముందరి రౌండ్లు. ‘షాఫ్టెడ్’లో చివరిదాకా క్విజ్ నడిపి, చివర్లో ఉన్నట్టుండి నమ్మకం గురించి అడిగారు. ‘గోల్డెన్ బాల్స్’లో మొదటి నుంచీ తమ బంతుల్లో దాగిన సొమ్ము ఎంతో ఒకరికొకరు చెప్పుకోవాలి, అబద్ధమాడవచ్చు, కాసేపట్లో బంతులు తెరిచి చూపిస్తారు. కాబట్టి ఆఖరు నిమిషానికి ఎవరు ఎన్నిసార్లు అబద్ధమాడారో ఇంట్లోవాళ్లకు లెక్కుంటుంది. తీర్పు చెప్పడానికి చేతిలో సాక్ష్యం ఉంది.

ఫార్మాట్ బాగున్నా ఒక్క ప్రశ్న కూల్చేయగలదు. ఫాక్స్‌లో 2010 డిసెంబరులో ‘మిలియన్ డాలర్ మనీ డ్రాప్’ మొదలైంది. పది లక్షల డాలర్ల నోట్ల కట్టలు ముందు పెట్టి, జవాబుల మీద వాటిని పేర్చమంటారు. తప్పు జవాబు మీద పెట్టిన కట్టలు తలుపు తెరుచుకుని కిందికి జారిపోతాయి. మెకింటాష్ కంప్యూటర్, సోనీ వాక్‌మన్, పోస్ట్ ఇట్ కాగితాలు, వీటిలో దుకాణాల్లో ముందుగా అమ్మకానికి వచ్చింది ఏది? ఒక జంట పోస్ట్ ఇట్ మీద 8,00,000 డాలర్లు పేర్చింది. సరైన జవాబు వాక్‌మన్ అని చెప్పి ఆ సొమ్మంతా జార్చేశారు. వాక్‌మన్ వచ్చింది 1979లో. పోస్ట్ ఇట్ అమెరికా అంతటా వచ్చింది 1980లో, కానీ 1977లోనే ‘ప్రెస్ అండ్ పీల్’ పేరుతో కొన్ని నగరాల్లో ప్రయోగాత్మకంగా అమ్మారు. ‘దుకాణాల్లో అమ్మకానికి’ అన్న మాటకు ఆ జంట జవాబే సరిపోతుంది.

ప్రశ్నలు తనిఖీ చేసేవాళ్లు ‘మొదటి’, ‘అతి పెద్ద’, ‘అత్యధిక కాలం’ అన్న మాటలు కనబడగానే ఆగాలి. ఏ దేశంలో, ఏ తేదీ నాటికి, ఏ కొలతతో అన్నవి ప్రశ్నలోనే ఉండాలి, రెండు వేరువేరు మూలాల్లో సరిచూడాలి. ఈ షోలో ఆ తప్పు రెట్టింపు నష్టం చేస్తుంది. మామూలు క్విజ్‌లో ఒక పాయింటు తిరిగి కలిపేస్తే సరిపోతుంది. ఇక్కడ పోయిన సొమ్ము లేకుండానే మిగతా ప్రశ్నలు ఆడారు, అంటే ఆ తరవాతి ప్రతి నిర్ణయమూ తప్పు మొత్తం మీద తీసుకున్నదే. ఆటను వెనక్కి తిప్పలేరు.

మన దేశంలో 2000 జులై 3న ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’ మొదలయ్యాక, దానికి పోటీగా జీ టీవీ ఆ ఏడాది చివర్లో ‘సవాల్ దస్ కరోడ్ కా’ తెచ్చింది. అనుపమ్ ఖేర్, మనీషా కొయిరాలా నడిపారు. బహుమతి పదింతలు, పది కోట్లు. నిలవలేదు. కోటి రూపాయలు ఊహకు అందుతాయి, ఇల్లు, అప్పు, పెళ్లి అని లెక్కేసుకోవచ్చు. పది కోట్లు చాలామందికి ఒక అంకె మాత్రమే. పోటీదారుడి కుర్చీలో తనను ఊహించుకోలేని ప్రేక్షకుడిని ఏ మొత్తమూ కట్టిపడేయలేదు. బ్రిటిష్ ‘వీకెస్ట్ లింక్’ను ‘కమ్‌జోర్ కడీ కౌన్’గా 2001లో స్టార్ ప్లస్‌లో నీనా గుప్తా నడిపారు. పోటీదారుల్ని అందరి ముందూ కటువుగా మాట్లాడి పంపడం ఆ ఫార్మాట్ ప్రాణం. అమితాబ్ బచ్చన్ లేచి నిలబడి చేయి పట్టుకుని పోటీదారుణ్ని కుర్చీలో కూర్చోబెట్టడం చూసిన కళ్లకు అది మింగుడు పడలేదు.

వీటికంటే లోతైన లోపం 2009 జులై 15న స్టార్ ప్లస్‌లో మొదలైన ‘సచ్ కా సామ్నా’ది. రాజీవ్ ఖండేల్వాల్ నడిపాడు. 21 ప్రశ్నలు, కోటి రూపాయలు. ప్రశ్నలన్నీ పోటీదారుడి సొంత బతుకు గురించే: పెళ్లి, డబ్బు, అమ్మానాన్నల మీద కోపం. ఈ ఫార్మాట్ మొదట వచ్చింది కొలంబియా దేశంలో. అక్కడ 2007లో ఒకావిడ, భర్తను చంపించడానికి కిరాయి హంతకుణ్ని పెట్టానని ఒప్పుకున్నాక షో ఆపేశారు. మన దగ్గర పార్లమెంటులో గొడవైంది, సమాచార ప్రసార శాఖ నోటీసిచ్చింది, ఢిల్లీ హైకోర్టు మాత్రం జోక్యం చేసుకోలేదు. వాదనంతా మర్యాద గురించే నడిచింది. ఆట గురించి ఎవరూ అడగలేదు.

స్టూడియోకు రాకముందే పోటీదారుణ్ని పాలిగ్రాఫ్ అనే, అబద్ధం పడుతుందని చెప్పే యంత్రానికి కట్టి ఎన్నో ప్రశ్నలు వేస్తారు. వాటిలోంచి 21 ఏరి కెమెరా ముందు మళ్లీ అడుగుతారు. జవాబు నిజమా కాదా అన్నది యంత్రం ముందే తేల్చింది. అంటే ఫలితం ముందే తేలిపోయింది, పోటీదారుడికి మాత్రం తెలియదు. పాలిగ్రాఫ్ కొలిచేది ఊపిరి, నాడి, రక్తపోటు, చర్మం మీద చెమ్మ. వీటిని సిగ్గు, భయం, కన్నీళ్లు కూడా కదిలిస్తాయి, ఒక్క అబద్ధమే కాదు. ‘మీ భార్యను ఎప్పుడైనా వదిలేద్దామనుకున్నారా?’ అని అడిగితే నిజం చెప్పేవాడి చెయ్యి కూడా చెమటెక్కుతుంది. అలాంటి యంత్రాన్ని అంపైర్‌గా పెట్టి ‘అబద్ధం’ అని ప్రకటిస్తే, ఎదురుగా కూర్చున్న భార్యాపిల్లల ముందు అప్పీలు లేని తీర్పు అది. 2010 మే 5న సెల్వి కేసులో సుప్రీంకోర్టు, నిందితుడి ఇష్టం లేకుండా పాలిగ్రాఫ్, నార్కో పరీక్షలు చేయడం రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. దర్యాప్తులో అంత జాగ్రత్తగా చూడాలన్న యంత్రాన్ని, అంతకు పది నెలల ముందు ఒక సంసారం మీద వినోదం కోసం వాడారు. ఇంట్లో చూసేవాళ్లకు ఇక్కడా పని లేదు. జవాబు వాళ్లకు తెలిసే వీలే లేదు, ఎదుటివాళ్ల పడకగదిలోకి తొంగిచూడటం తప్ప.

ఇంట్లోవాళ్లకు నిజంగానే పీట వేసి, దానికి అద్దె వసూలు చేసిన ఆటలు మిగిలాయి. బ్రిటన్ చానల్ 4లో ‘యు సే వి పే’ అనే పోటీకి ఫోన్ చేస్తే ఒక పౌండు. ఆడేవాళ్లను ముందే ఎంచుకున్నాక కూడా ఇంకా ఫోన్ చేయండంటూ పిలిచారని 2007లో బయటపడింది. దానికి నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ చానల్ మీద పది లక్షల పౌండ్ల జరిమానా వేసింది. మన తెలుగు చానళ్లలోనూ రాత్రిపూట ఇద్దరు నటుల మొహాలు అతికించి, ఎవరో చెప్పండి, ఫోన్ చేయండని గంటలకు గంటలు అరిచే కార్యక్రమాలు చాలామందికి గుర్తే. మొహాలు ఎవరికైనా తెలుస్తాయి. తెలియాలనే అంత తేలిగ్గా అతికిస్తారు. జవాబు తెలిసినవాళ్లు ఎంత ఎక్కువుంటే అన్ని ఎక్కువ కాల్స్, లైన్ దొరికేవాడు ఒక్కడు.

ఈ లెక్క కాగితాల మీదికెక్కిన కేసు ఒకటుంది. 2007 జనవరి 22 నుంచి ఏప్రిల్ 19 దాకా షారుఖ్ ఖాన్ నడిపిన ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’ మూడో విడతలో, ఇంట్లోవాళ్ల కోసం ‘హర్ సీట్ హాట్ సీట్’ పోటీ పెట్టారు. ప్రతి ఎపిసోడ్‌లో ఒక ప్రశ్న, నాలుగు ఆప్షన్లు. సరైన జవాబు పంపినవాళ్లలోంచి ఒకరిని తీసి 2 లక్షలు ఇస్తారు. ఎస్ఎంఎస్‌కు 2 రూపాయల 40 పైసలు. వినియోగదారుల జాతీయ కమిషన్ ముందుకొచ్చిన లెక్క ప్రకారం 5 కోట్ల 80 లక్షల ఎస్ఎంఎస్‌లు వచ్చాయి, వాటి మీద 13 కోట్ల 92 లక్షలు. 52 ఎపిసోడ్లకు ఇచ్చిన బహుమతులు 1 కోటి 4 లక్షలు. అంటే వచ్చిన ప్రతి వంద రూపాయల్లో ఏడున్నర మళ్లీ ప్రేక్షకుల్లో ఒకరికి వెళ్లింది. పోటీ ఉచితమన్న అభిప్రాయం కలిగించి, బహుమతి సొమ్మును ఎస్ఎంఎస్ ధరలోంచే రాబట్టారని 2008లో కమిషన్ తేల్చి, స్టార్ ఇండియా, ఎయిర్‌టెల్ కలిసి కోటి రూపాయలు కట్టాలంది. 2019 నవంబరు 4న సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. బహుమతి డబ్బు ఎస్ఎంఎస్ ఆదాయం నుంచే వచ్చిందనడానికి రికార్డులో ఆధారం లేదని చెప్పింది.